ఇండికా? ఇండికా కాదు, ఇండికేనా?

సందేహం: వేప, మామిడి, చింత, చివరికి పందికొక్కు కూడా లాటిన్ పేరులో 'ఇండికా' అనే ఉంటున్నాయి. ఇవన్నీ ఒక జాతివా? 'ఇండికా' అనాలా, 'ఇండిక' అనాలా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాదు

సమాధానం: చుట్టరికమేమీ లేదమ్మా. 'ఇండియాకు చెందిన' అని చెప్పే విశేషణం అది. చుట్టరికం చెప్పేది దానికి ముందున్న ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు. కుక్కతులసి, కుక్కవామింట, కుక్కగొడుగు ఒక కుదురువని ఎవరైనా అంటారా? మనం విశేషణాన్ని ముందు పెడతాం, లాటిన్‌వాళ్లు వెనక తగిలించారు. థార్ ఎడారి మట్టిలో దొరికిన శిలీంధ్రం సెరెండిపిట కూడా ఇండికే. మెట్టతామరా ఇండికే, కానీ అది అమెరికా మొక్క. వెస్టిండీసూ ఆనాటివాళ్లకు 'ఇండియా'లే మరి.

అసలు తమాషా చింతది. చింతపండును అరబ్బులు 'తమర్ హిందీ' అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. అదే లాటిన్‌లో టమరిండస్ అయింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దాని వెనక మళ్లీ 'ఇండిక' చేర్చాడు. పేరులో ఇండియా రెండుసార్లు ఉంది, చెట్టు పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా! పైగా 'టమరిండస్' చూపుకు పుంలింగమే, అయినా లాటిన్‌లో చెట్ల పేర్లు సాధారణంగా స్త్రీలింగాలు. అందుకే 'ఇండికస్' కాక 'ఇండిక'. సుగంధిపాల హెమిడెస్మస్ పుంలింగం, కనుక ఇండికస్. నువ్వుల సెసామమ్ నపుంసకం, కనుక ఇండికమ్. మూడూ ఒకే మాట. పందికొక్కు ప్రజాతి పేరు 'బాండికోట' మన తెలుగు మాటే. ఆ సంగతి మనవాళ్లే చెప్పుకోరు.

ఇక దీర్ఘం. లాటిన్‌లో ఆ చివరి అకారం హ్రస్వమే. మనమూ సీతా, లతా శబ్దాలను సీత, లత చేసుకున్నవాళ్లమే. నా మొగ్గు 'ఇండిక' వైపు. దీర్ఘం బాగా పాతుకుపోయింది, తప్పని కొట్టెయ్యలేను.

'ఇండికా జాతి మొక్క' అని ఒంటిగా రాసే పత్రికలవాళ్లను మాత్రం మందలించక తప్పదు. ఏ ఇండిక? మామిడినైతే మొదటిసారి 'మాంజిఫెర ఇండిక' అని పూర్తిగా రాయండి, తర్వాత 'మాం. ఇండిక' చాలు. ఒక్కోసారి పూర్తి పేరూ చాలదు. జంతువులకూ మొక్కలకూ నామకరణ నియమావళులు వేరు. శిలీంధ్రాలు మొక్కల నియమావళి కిందికి వస్తాయి. అందుచేత 'ఫైకస్ వేరిగేట' అంటే మర్రి, మేడి కోవకు చెందిన చెట్టూ కావచ్చు, అత్తిపండు ఆకారపు గుల్ల ఉన్న సముద్రపు నత్తా కావచ్చు. అక్కడ చెట్టో నత్తో తెలుగులో చెప్పి తీరాలి.