పాటల్లో ఏడుపు ఆగదు, సోమవారానికి ఏమీ మిగలదు, ఇది ఆరాధనేనా?

కొత్త చర్చ్‌లో లైట్లు, స్మోక్, డ్రమ్స్ మధ్య పాడుతుంటే కన్నీళ్ళు ఆగట్లేదు, ఇంటికొచ్చాక మాత్రం ఖాళీగా ఉంటోంది, అది దేవుడి సన్నిధా ఎంటర్‌టైన్‌మెంటా అని అడిగారు కదండి. పాలకొల్లు దగ్గర ఒక చర్చ్‌లో ఏడేళ్ళ నుంచి కీబోర్డ్ వాయిస్తున్నా, మీరు కింద నుంచి చూసింది నేను స్టేజ్ మీద నుంచి చూశాను.

పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ప్యాడ్ సౌండ్, అంటే కీబోర్డ్‌లో ఆగకుండా సాగే మెత్తటి స్వరం, సన్నగా నడుస్తూనే ఉండాలి. ఆయన ఎడమ చెయ్యి కొంచెం దించితే డ్రమ్స్ ఆగిపోయి జనం గొంతులే వినబడాలి, మళ్ళీ ఎత్తితే అందరం ఒక్కసారే అందుకోవాలి. చివర్లో పల్లవి మూడోసారి వచ్చేటప్పుడు ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కి శ్రుతి పెంచానంటే హాల్లో సగం చేతులు పైకి లేచేవి. ప్రతి ఆదివారం లేచేవి. ఇదంతా శనివారం రాత్రి ప్రాక్టీస్ చేసుకునేవాళ్ళం. మోసం చెయ్యాలని ఎవరికీ లేదండి, మా పాస్టర్ గారు ఉపవాసాలుండి ప్రార్థన చేసే మనిషి, నేనూ వాయిస్తూ ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఆ బటన్ చేసే పని ఏదో పరిశుద్ధాత్మ చేసే పని ఏదో నాకు తెలీకుండా పోయింది.

మాది తాతల నాటి నుంచి బ్రదరన్ అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి వచ్చి నరసాపురం వైపు మొదలుపెట్టిన పని అది. మా ఊరి అసెంబ్లీలో, అంటే బ్రదరన్ వాళ్ళ చర్చ్‌లో, ఇప్పటికీ చాపల మీదే కూర్చుంటారు, ఆడవాళ్ళు ముసుగేసుకుని ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె విరిచేటప్పుడు వాయిద్యం ఉండదు. నాకు అది బోరు కొట్టే చర్చ్ మారాను.

నాన్న పోయిన రోజు వాన. వసారాలో పడుకోబెట్టాం. అసెంబ్లీ ఆడవాళ్ళు వచ్చి తడి పట్టా మీదే కూలబడ్డారు, మా మేనత్త ఒక పాత కీర్తన ఎత్తుకుంది, గొంతు బొంగురు, ఒకళ్ళ శ్రుతి ఒకళ్ళకి కలవట్లేదు, పుస్తకం లేదు, అయినా చివరి చరణం దాకా అందరికీ నోటికొచ్చు. తర్వాత మా వర్షిప్ టీం కుర్రాళ్ళు బండ్ల మీద వచ్చారు, పాపం వాళ్ళూ ఒక పాట పాడదామనుకున్నారు, ఇక్కడ స్క్రీన్ ఎక్కడుంది, ఫోన్లు తీసి లిరిక్స్ వెతుక్కుంటున్నారు, మా వీధిలో సిగ్నల్ అందదు. ఆ పాట నేను ఎన్ని ఆదివారాలు వాయించానో లెక్కలేదు, రెండో చరణం నాకూ రాలేదండి. మా నాన్న పక్కన నిలబడి.

అలాగని పాతదంతా పవిత్రం, కొత్తదంతా షో అని నేననను. పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారు కీర్తనలు రాసింది మన రాగాల్లోనే, కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసే ఉంటాయి, అవి విని మా నాయనమ్మ కూడా ఏడ్చేది. బైబిల్లో దావీదు రాజు మందసం, అంటే దేవుడి నిబంధన పెట్టె, ముందు ఒళ్ళు మరిచి నాట్యం చేశాడు, అది చూసి చులకన చేసింది ఆయన భార్య మీకాలు. ఆమోసు 5వ అధ్యాయంలో దేవుడు మీ పాటల రొద నాకొద్దన్నది కూడా వాయిద్యాల మీద కోపంతో కాదు, బీదల్ని తొక్కుతూ పాడుతున్నందుకు. కాబట్టి ఏడుపొస్తే రానివ్వండి, దాన్నిబట్టి ఏ తీర్మానానికీ రావద్దు.

నన్నడిగితే రెండు చూసుకోండి. సోమవారం వంటింట్లో ఆ పాట మాటల్ని రాగం తీసేసి మామూలుగా చదివి చూడండి, అవి దేవుడితో మీరు చెప్పగలిగే మాటలేనా? రెండోది, మీ పక్కన నిలబడి ఏడ్చినావిడ ఎవరో, ఎందుకేడ్చిందో మీకు తెలుసా? మేం లైట్లు ఆర్పేసి పాడించేవాళ్ళం, పక్కనెవరున్నారో కనబడేది కాదు. పౌలు ఎఫెసీ 5లో కీర్తనలతో ఒకరితో ఒకరు మాట్లాడుకోమన్నాడు, మొహాలే కనబడకపోతే ఎవరితో మాట్లాడతామండి? నాకు ఎక్కువ బాధ ఇదే.

నేను కీబోర్డ్ మానలేదు. లైట్లు ఆర్పొద్దని, వారానికొక కీర్తన వాయిద్యం లేకుండా పాడదామని పాస్టర్ గారిని అడిగాను. లైట్లకి వెంటనే సరేనన్నారు, కీర్తనకి రెండు నెలలు పట్టింది, యూత్ వెళ్ళిపోతారేమోనని ఆయన భయం. బుధవారం సాయంత్రాలు మేనత్తింటికి వెళ్ళి నేర్చుకుంటున్నా, ఇప్పటికి పదకొండు వచ్చాయి, పుస్తకం చూడకుండా.