కల్యాణి డ్యాం నీళ్ళు, పక్షులు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కల్యాణి డ్యాం చూడడానికి వెళ్తే నీళ్ళలో నిలబడిపోయిన ఎండుచెట్ల నిండా నీటికాకులే. కొమ్మలన్నీ రెట్టతో తెల్లబడిపోయాయి. మా కొళాయికి వచ్చేవి ఆ నీళ్ళేగా? వాటిని తోలేయరా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తోలనక్కర్లేదు. నీటికాకి తినేది ఆ డ్యాంలోని చేపనే, రెట్ట వేసేదీ ఎక్కువగా అక్కడే. చేపలో ఉన్న నత్రజని, భాస్వరం తిరిగి అదే నీళ్ళకు చేరుతున్నాయి తప్ప బయటినుంచి కొత్తగా వచ్చిపడేది పెద్దగా లేదు. చూసుకోవలసింది వేరే రకాన్ని. పగలంతా చెత్తకుప్పల మీద మేసి, పొద్దుగూకాక గట్టు పక్క చెట్లకు చేరే కొంగలు, కాకులు ఊరి మురికిని కడుపులో మోసుకొస్తాయి. అలాంటి గుంపు మీ కంట పడితే ముందు కప్పించాల్సింది ఆ చెత్తకుప్పని.

రెట్టలో సూక్ష్మజీవులుంటాయి, నిజమే. అడవి వాగులో జింక తాగినా, పంది పొర్లినా ఉంటాయి. శేషాచలం కొండల నీళ్ళు ఎంత తేటగా కనిపించినా పచ్చినీళ్ళే. అందుకే శుద్ధి కేంద్రంలో పటిక కలిపి, మట్టిని అడుక్కి దించి, ఇసుక పడకల్లో వడగట్టి, చివర క్లోరిన్ వేస్తారు. పటిక ఎంత వెయ్యాలో జార్ టెస్టు చెబుతుంది. ఆరు బీకర్లలో లీటరు చొప్పున పచ్చినీళ్ళు పోసి, ఒక్కోదానికి ఒక్కో మోతాదు పటిక వేస్తారు. ఒక నిమిషం జోరుగా, తర్వాత పావుగంట నిదానంగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచుతారు. ఏ బీకర్లో తక్కువ పటికతో పైనీళ్ళు తేటపడితే అదే ఆ రోజు మోతాదు.

తేడా వచ్చేది తుపాను రాత్రుల్లో. వాగులు ఎర్రమట్టితో దిగి రాత్రికి రాత్రే నీళ్ళు చిక్కబడతాయి, నిన్నటి మోతాదు పొద్దునకు చాలదు. పైగా పటిక నీళ్ళలోని క్షారతను, అంటే పులుపును తట్టుకునే గుణాన్ని, తినేస్తుంది. వాననీళ్ళలో అది అసలే తక్కువ, కాబట్టి సున్నం కూడా కలపకపోతే పటిక ఎంత పోసినా మట్టి గడ్డకట్టదు. ఇసుక పడకలు త్వరగా పూడుకుపోతాయి, వెనక్కి నీళ్ళు కొట్టి కడగడం పెరుగుతుంది, సరఫరా తగ్గుతుంది. నవంబరు వానల్లో మీ వీధికి నీళ్ళు ఆలస్యమైతే ఇదీ ఒక కారణం కావచ్చు.

మా అనుమానం ఎప్పుడూ డ్యాం మీదకన్నా గొట్టాల మీదే. రోజు మార్చి రోజు నీళ్ళు వదిలేచోట గొట్టం ఖాళీ అయినప్పుడల్లా పగుళ్ళలోంచి పక్క కాలువ నీళ్ళు లోపలికి లాగుకుంటుంది. కొళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి. క్లోరిన్‌ను రంగుతో చూపే చిన్న పరికరం క్లోరోస్కోప్‌లో మందుచుక్క వేస్తే నీళ్ళు పసుపు పచ్చబడాలి. రంగు రాకపోతే నీళ్ళు కాచి తాగండి, వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా చెప్పండి. సంపును ఏడాదికి రెండుసార్లైనా ఖాళీ చేసి, గోడలు రుద్ది కడగాలి. సంపు నీళ్ళకు క్లోరిన్ వెయ్యాల్సి వస్తే 1000 లీటర్లకు తాజా బ్లీచింగ్ పౌడర్ 4 గ్రాములు చాలు. బకెట్లో విడిగా కలిపి, సున్నం అడుగున పేరాక పైతేట మాత్రమే సంపులో పోసి, అరగంట ఆగండి. మూతి విప్పి నెలలుగా ఉన్న పొడిలో ఘాటు తప్ప సత్తువ ఉండదు.

ప్రశ్న: ఎండాకాలంలో నీళ్ళు ఒక్కోసారి మట్టివాసన, ఒక్కోసారి కుళ్ళిన గుడ్ల వాసన. తెల్లబట్టలకు గోధుమరంగు మరకలు. ఎందుకు?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఈ రెండు వాసనలకూ కారణాలు వేరు. ఎండకు పైనీళ్ళు కాగి తేలికై పైనే నిలబడిపోతాయి, చల్లని అడుగునీళ్ళతో కలవవు. అడుగున కుళ్ళే ఆకూ అలమూ అక్కడి ప్రాణవాయువునంతా వాడేస్తాయి. ఆ తర్వాత బురదలోంచి ఇనుము, మాంగనీసు కరిగి నీళ్ళలోకి వస్తాయి, గుడ్ల వాసన వాయువు పుడుతుంది. మరకలు మాంగనీసువే. అది క్లోరిన్‌తో మెల్లగా కలిసి, మీ ట్యాంకు చేరాక గోధుమ-నలుపు పొడిగా విడిపోతుంది. నీటిని పైతూము నుంచి తీసుకుంటే ఈ బాధ తగ్గుతుంది. మట్టం పడిపోయి అడుగుతూమే దిక్కయిన నెలల్లో మాత్రం తప్పదు.

మట్టివాసన నాచుది. దాన్ని పుట్టించే పదార్థం హాని చేయదు గానీ అతి కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది. మరిగించినా సరిగా పోదు, బొగ్గు ఫిల్టర్ పనిచేస్తుంది.

ప్రశ్న: డ్యాం నిండుగా ఉన్నప్పుడు వెళ్తే పిట్టలు పెద్దగా లేవు. మార్చిలో నీళ్ళు తగ్గాక బోలెడు. తిరగబడినట్టుంది కదా?
– ఒక అధ్యాపకుడు, చిత్తూరు

జవాబు: పిట్టకు కావలసింది లోతు కాదు, ఒడ్డు. బుడుబుంగ, నీటికాకి మునిగి వేటాడతాయి కాబట్టి నడిమధ్యన కూడా బతుకుతాయి. మిగతావాటి సంగతి కాళ్ళ పొడవు, మెడ పొడవు తేలుస్తాయి. తల ముంచి మేసే బాతుకు మూరెడు లోపు నీళ్ళు కావాలి, ఉల్లంకి పిట్టకు రెండు మూడు వేళ్ళ లోతు దాటితే పనికిరావు. కొండల మధ్య కట్టిన డ్యాంకు కట్ట వైపు గట్లు నిటారుగా ఉంటాయి, నిండితే నీళ్ళు నేరుగా రాళ్ళకు తగులుతాయి. నిలబడడానికే చోటుండదు.

మన జిల్లాలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ డ్యాంలు, చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనంతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఉత్తరాది నుంచి వలసపిట్టలు దిగేదీ అప్పుడే. వానలు బాగా పడిన ఏడు అవి వచ్చేసరికి బురదంతా నీళ్ళ కిందే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో మట్టం దిగుతూ పోతేనే పురుగులు, నత్తలున్న తడిబురద రోజుకో కొత్త పట్టీగా బయటపడుతుంది. ఏప్రిల్ కల్లా వలసపిట్టలు చాలావరకు వెళ్ళిపోతాయి. డ్యాం నిండి ఉన్న రోజుల్లో గుంపులు చూడాలనుకుంటే నేలపట్టు, పులికాట్ వైపు వెళ్ళండి. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టేది ఆ కాలంలోనే.

కల్యాణి దగ్గర చూడదలిస్తే కట్ట మీద నిలబడి లాభం లేదు, వాగులు వచ్చి కలిసే ఎగువ కొసన చూడాలి. అయితే ఎగువన ఉన్నది 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు అడవి, చిరుతలు తిరిగే చోటు. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. పొద్దున్నే తూర్పు గట్టున నిలబడితే ఎండ మీ వీపున పడుతుంది, పిట్ట రంగులు విడిగా తెలుస్తాయి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 బైనాక్యులర్స్ చాలు. గుంపును పదేసిగా లెక్కపెట్టి, మళ్ళీ ఒకసారి సరిచూసుకొని, పక్కనే ఆనాటి నీటిమట్టం రాసుకోండి. మట్టం రాయని లెక్కలు మరుసటి ఏడుతో పోల్చడానికి పనికిరావు.

మార్చి నుంచి ఆరిన ఒడ్డు మీద చూసి నడవండి. తీతువు గులకరాళ్ళ మధ్య చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది, సాధారణంగా నాలుగు. మచ్చల గుడ్లు కావడంతో కాలి కింద పడేదాకా కనిపించవు. అది తల మీద ఎగురుతూ అరిచిందంటే వచ్చిన దారినే వెనక్కి తిరగండి. వెంట కుక్కను తీసుకెళ్ళడం అన్నిటికన్నా చేటు.

ప్రశ్న: ఎండకు ఆవిరైపోయే నీళ్ళు అంత లెక్కలోకి వస్తాయా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: వస్తాయి. నడి ఎండల్లో రోజుకు 6 మిల్లీమీటర్లు పోతాయనుకుందాం. చదరపు కిలోమీటరు నీటికి అది 60 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున సుమారు 44 వేలమందికి సరిపోతుంది.

ప్రశ్న: మా పాప అక్వేరియం చేపలు పెద్దవైపోయాయి. చంపడం ఇష్టం లేదు. డ్యాంలో వదిలేయవచ్చా?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: వద్దమ్మా. అద్దాలకు అతుక్కునే నల్లమచ్చల సక్కర్ చేప అయితే అసలే వద్దు. దాని ఒళ్ళంతా గట్టి పెంకు, ముళ్ళు. మింగబోయిన పక్షి గొంతులో అడ్డం పడుతుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, ఒకసారి స్థిరపడితే వలవేసి తీయడం ఎవరివల్లా కాదు. కొన్న దుకాణంవాళ్ళను అడగండి, చాలామంది వెనక్కి తీసుకుంటారు. తొట్టి నీళ్ళు, నాచు మొక్కలు కూడా కాలువలో పారబోయకండి. నీళ్ళు పెరట్లో చెట్లకు పోసి, మొక్కల్ని ఎండబెట్టి చెత్తలో వెయ్యండి.