బాష్‌లో అంకె అని నమ్మేముందు దాని వాలకం చూడండి

టైపు చేసింది సంఖ్యేనా అని ముందే చూడడం ఎందుకు, లెక్కలో వేసి తప్పు వస్తే అప్పుడు ఆపితే సరిపోదా అని అడిగారు. సరిపోదు. తప్పు చూపిస్తే మన అదృష్టం. చాలాసార్లు బాష్ (లినక్స్‌లో ఆదేశాలు, స్క్రిప్టులు నడిపే ప్రోగ్రాము) ఏదో ఒక సంఖ్య చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యలు కొనేవారికి తూకాలు ఎక్కించే స్క్రిప్టు రాసిచ్చాను. ట్రే నంబరు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో), కిలోలు, రైతు పేరు, అంతే. చెరువు గట్టు మీద తడి చేతులతో టైపు చేసే కుర్రాడు ట్రే మీద ఉన్నది ఉన్నట్టు 007, 008 అని కొట్టాడు. ఏడు దాకా బాగానే నడిచింది, ఎనిమిదికి ఆగిపోయింది. ముందు సున్నా ఉంటే బాష్ దాన్ని ఆక్టల్ (ఎనిమిదుల లెక్క) సంఖ్య అనుకుంటుంది, అందులో 8, 9 ఉండవు. ఆగింది గనుక తెలిసింది. 010 దగ్గరైతే నోరెత్తకుండా 8 రాసుకునేది. ఇంకోరోజు తూకం లేని ట్రేకు ఇంగ్లిషు అక్షరాల్లో ‘నిల్’ అని కొడితే, అదేదో వేరియబుల్ (విలువ దాచుకునే చోటు) పేరనుకుని, అందులో ఏమీ లేదని సున్నా వేసింది!

ఇప్పుడు ముందుగా కేస్‌తో (case, విలువను నమూనాలతో పోల్చే బాష్ ఆదేశం) వడపోస్తున్నాను, ఈ నమూనాలకు చిక్కినదాన్ని తిప్పి పంపుతుంది:

''|*[!0-9]*)

అంకె కాని గుర్తు ఒక్కటున్నా ఇక్కడ దొరికిపోతుంది. మొదటి జత కొటేషన్లు మరవకండి, ఊరికే ఎంటర్ నొక్కితే రెండో నమూనాకు చిక్కదు. ఇది దాటాకే $((10#$1)) అని ($1 అంటే సరిచూస్తున్న విలువ) పదుల లెక్కలోకి తెస్తాను. వరుస మార్చకండి. టైపు చేసినదాన్ని సరిచూడకుండా లెక్కలో వేస్తే, చదరపు బ్రాకెట్లలో దాచిన ఆదేశాన్ని బాష్ నడిపేయగలదు. ఆ తరువాత హద్దులు: కౌంటు 400 వచ్చిందంటే 40కి ఒక సున్నా ఎక్కువ పడినట్టే.

బాష్ లెక్కలకు దశాంశాలు తెలియవు. 38.5 కిలోలకు ^[0-9]+([.][0-9]+)?$ నమూనాను =~ (నమూనాతో పోల్చే గుర్తు) తో పోల్చి, కూడికలు ఆక్‌కు (awk, దశాంశాల లెక్కలు చేయగల మరో ప్రోగ్రాము) అప్పగించాను. ఆ నమూనాకు కొటేషన్లు తగిలిస్తే అక్షరాలా పోలుస్తుంది, ఏ తూకమూ నెగ్గదు.

పేర్ల దగ్గర అతి చేశాను. అక్షరాలే ఉండాలన్నాను, ఇంటిపేరు పొడి అక్షరం, పక్కన చుక్క ఉన్న ప్రతి రైతునూ స్క్రిప్టు తిప్పి పంపింది. ఇప్పుడు ఖాళీగా ఉందా, కామా ఉందా అని మాత్రమే చూస్తున్నాను. కామా ఎందుకంటే ఆ వరుస సీఎస్‌వీ ఫైలులోకి వెళ్తుంది, అందులో గళ్లను విడదీసేది కామాలే.