ఎన్నారై సందేహాలు: మలేషియాలో ‘బాకి’ అంటే మన బాకీ కాదు

ప్రశ్న: అన్నా, నేను సైబర్‌జయకి వచ్చి మూడు వారాలైంది. నెలకి 1,200 రింగిట్లకి చిన్న స్టూడియో ఫ్లాట్ తీసుకున్నాను. ఓనరమ్మకి 3,000 కట్టాను. నిన్న ఆవిడ వాట్సాప్‌లో ‘బ్యాలెన్స్ నెక్స్ట్ వీక్ ఓకే’ అని పెట్టింది. కింద మలయ్‌లో ‘బాకి’ అని కూడా ఉంది. నేనివ్వాలా, ఆవిడిస్తుందా? ఇంకోటి, ఇక్కడ శని, ఆదివారాలు అస్సలు గడవడం లేదు. మనవాళ్ళు ఎక్కడ కలుస్తారు?

జవాబు: నువ్వే ఇవ్వాలి తమ్ముడూ. లెక్క తర్వాత చెప్తాను, ముందు నా కథ విను. ఈ ఒక్క మాటకి నేను కట్టినంత ఫీజు ఇంకెవరూ కట్టి ఉండరు.

2008లో కౌలాలంపూర్‌లో దిగిన నాలుగో రోజు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఓ మామక్ హోటల్లో, అంటే తమిళ ముస్లింలు నడిపే హోటల్లో, అన్నం, చేపల పులుసు తిన్నాను. బిల్లు 6 రింగిట్ల 40 సెన్. యాభై నోటు ఇచ్చాను. అంతలో ఇంటి నుంచి ఫోనొస్తే మాట్లాడుకుంటూ బయటికి నడిచేశాను. వెనక నుంచి కౌంటర్ కుర్రాడు ‘బాంగ్! బాకి! బాకి!’ అని ఒకటే కేకలు. బాంగ్ అంటే అన్న అని అప్పటికే తెలుసు. బాకీ అంటే తెలియకపోవడమేంటి? మా తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టాయన నడిరోడ్డు మీద ఆ మాట అన్నాడంటే పరువు పోయినట్టే. నన్ను చూసి ఇంకెవరో ఎగ్గొట్టినవాడనుకుంటున్నాడని అడుగులు గబగబా వేసి మోనోరైలు మెట్లెక్కేశాను. పైకెళ్ళి రొప్పుతూ జేబు తడుముకుంటే రైలు టికెట్‌కి చిల్లర లేదు. చిల్లరంతా, అంటే 43 రింగిట్ల 60 సెన్, ఆ కుర్రాడి చేతిలోనే ఉంది. ఇద్దామనే పాపం వాడు వెంటపడ్డాడు. అప్పట్లో అది మన ఐదొందల రూపాయల పైమాటే. సిగ్గేసి రెండు నెలలు ఆ వీధి తొక్కలేదు.

మలయ్‌లో బాకి అంటే మిగిలింది. కొట్లో చిల్లర బాకి. ఏటీఎంలో నీ ఖాతాలో ఉన్నది ‘బాకి అకాఉన్’. టోల్ గేటు దగ్గర టచ్ ఎన్ గో కార్డు ఆనిస్తే తెర మీద పడేదీ బాకినే. మనకీ వాళ్ళకీ మాట ఒకటే అరబ్బీ నుంచి వచ్చింది. మన దగ్గర అది తీర్చకుండా మిగిలినదై కూర్చుంది, వీళ్ళ దగ్గర ఊరికే మిగిలినదిగా ఉండిపోయింది. మూడు తరాల కింద తోటల్లో పనికొచ్చిన తెలుగు కుటుంబం పెద్దావిడ ఒకామె నా కథ విని పగలబడి నవ్వింది. ‘అప్పుని ఇక్కడ హుతాంగ్ అంటారు నాయనా, ఆ మాట వినపడితే పరిగెత్తు’ అంది.

నీ తరం వెంటనే ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ నొక్కుతుంది. బాకి అని కొడితే బ్యాలెన్స్ అంటుంది, బ్యాలెన్స్ అని కొడితే బాకి అంటుంది. ఏం తెలిసినట్టు? ఇంగ్లీషు మాటే రెండు వైపులా తూగుతుంది. పుట్టిందే రెండు పళ్ళేల త్రాసు నుంచి. బ్యాంకు బ్యాలెన్స్ నీది, బిల్లు బ్యాలెన్స్ అవతలివాడిది. తూగు, సమతూకం అనే అర్థంలో అయితే మలయ్‌లో బాకి కాదు, సెయింబాంగ్. బ్యాలెన్స్ షీట్‌ని ‘కుంచి కిరా-కిరా’ అంటారు, అదొక ముచ్చట.

బాకి అంటే నా డబ్బేనని బాగా ఒంటబట్టాక రెండో దెబ్బ తగిలింది. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో ‘బాకి సెమాస’ 2,300 అని వచ్చింది. ఇంకా అంత వాడుకోవచ్చు కాబోలని సంతోషపడి, పక్కన కనపడ్డ కనీస మొత్తం, ఐదు శాతం, కడుతూ పోయాను. కింద ‘ఫాయెదాహ్’ అని ఒక వరస. నిజామాబాద్ రూమ్మేట్ చూసి ‘ఫాయిదా అంటుండు గదనే, నీకే లాభం’ అన్నాడు. మలయ్‌లో ఆ మాటకి ప్రయోజనమనే అర్థమూ ఉంది, వడ్డీ అనే అర్థమూ ఉంది. కార్డు కాగితం మీద మాత్రం వడ్డీయే, ఏడాదికి 18 శాతం. పది నెలల్లో మూడు వందల రింగిట్ల దాకా ఎగిరిపోయాయి. బ్యాంకుదేం తప్పు లేదు, అన్నీ అచ్చువేసే ఇచ్చింది.

ఇప్పుడు నీ లెక్క. ఇక్కడి మామూలు పద్ధతి: రెండు నెలల డిపాజిట్ 2,400, కరెంటు, నీళ్ళ డిపాజిట్ అర నెల 600, మొదటి నెల అద్దె ముందుగా 1,200. మొత్తం 4,200. నువ్విచ్చింది 3,000. ఆ బ్యాలెన్స్ 1,200 నీది, అంటే నువ్వు కట్టాల్సింది. ముందుగా కట్టే అద్దెని వీళ్ళు అడ్వాన్స్ అంటారు. హైదరాబాద్‌లో అడ్వాన్స్ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగొస్తుంది, ఇది రాదు. తిరిగొచ్చేది డిపాజిట్ ఒక్కటే, అదీ కోతలు పోను. నేను చివరి రెండు నెలలు అద్దె కట్టకుండా డిపాజిట్‌లో సర్దుకోమన్నాను. ఓనరు ఏసీ సర్వీసు, గోడల రంగు అంటూ లెక్క వేస్తే ఎదురు నేనే ఇచ్చుకోవాల్సి వచ్చింది. అగ్రిమెంట్‌కి స్టాంపు వేయించడం, దాని రుసుము సంగతి పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూసుకో.

ఆదివారాల గురించి అడిగావు. ఉగాదికి ఎక్కడో ఒకచోట అందరూ తగులుతారులే. ఈలోగా ఆదివారం కూర్చుని ఖర్చులు రాయి, పొద్దు ఇట్టే పోతుంది.

ఓనరమ్మకి ఈ రాత్రే మెసేజ్ పెట్టు. ‘కాక్, బాకి డిపాజిట్ 1,200, సాయా బాయార్ మింగ్గు దెపాన్’ అని. అక్కా, మిగిలిన డిపాజిట్ 1,200 వచ్చే వారం నేను కడతాను అని అర్థం. ఎవరు కట్టేదీ ఎంత కట్టేదీ రాతలో ఉండాలి. ఆవిడ వేరే అంకె చెప్తే అగ్రిమెంట్ మొదటి పేజీ ఫోటో తీసి నాకు పంపు, కూడి చూస్తాను.