పాత పికప్‌కి సాలిడ్ యాక్సిల్: ఛాసిస్ కోసే ముందు డబ్బు లెక్క

ప్రశ్న: నా దగ్గర 1990 మోడల్ టొయోటా పికప్ ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్. ముందున్న ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలేది) తీసేసి సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) వేయించి, 35 అంగుళాల టైర్లు ఎక్కించాలని ఎన్నాళ్ళుగానో కోరిక. ఒకాయన 1984 బండి ఫ్రంట్ యాక్సిల్‌ని అర నెల జీతానికి ఇస్తానంటున్నాడు. మొత్తం పని నాలుగు నెలల జీతంలో అయిపోతుందని మెకానిక్ మాట. (జీతం అంటే మా ఇద్దరిదీ కలిపి.) ఖర్చులన్నీ పోను నెలకి జీతంలో నాలుగో వంతు మిగులుతుంది, ఆరు నెలల ఇంటి ఖర్చుకి సరిపడా పొదుపు ఉంది. అందులోంచి రెండు నెలల జీతం తీసి, మిగతా రెండు నెలలదీ 14 శాతం వడ్డీకి మూడేళ్ళ పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నా. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏమంటారు?

జవాబు: యాక్సిల్ కొనండి, లోన్ తీసుకోకండి, ఛాసిస్ మీద కట్టర్ మాత్రం ఇప్పుడే పెట్టించకండి. ఇంట్లో చెప్పడం ఈ వారమే చేయండి, ఎందుకంటే రెండు నెలల జీతం పొదుపులోంచి మాయమైతే ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు చర్చ బండి గురించి ఉండదు.

ముందు ఎంపిక గురించి ఒక మాట. ఉత్తర అమెరికాలో అమ్మిన టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లకి 1979 నుంచి 1985 దాకా ముందు సాలిడ్ యాక్సిలే వచ్చేది, 1986 మోడల్ నుంచి ఇండిపెండెంట్‌కి మారింది. కాబట్టి మీకు దొరికింది దాదాపు అదే కుటుంబానికి చెందిన సామాను, క్రౌన్ గేరు ఉండే గుండు (డిఫరెన్షియల్) మీ ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) షాఫ్ట్ బయటికొచ్చే వైపే ఉంటుంది, చక్రానికి ఆరు బోల్టులు, వెనక కూడా ఆరే. ఇది డబ్బుపరంగా చాలా పెద్ద విషయం. ఎవరైనా "ఎలాగూ చేయిస్తున్నావు కదా, ఒక టన్ను ట్రక్కుది డానా 60 యాక్సిల్ వేసెయ్, జన్మలో విరగదు" అని ఎక్కిస్తారు, నిజంగానే అది గట్టిది, కానీ దానికి ఎనిమిది బోల్టుల చక్రం వస్తుంది, మీ వెనక చక్రాలతో కలవదు, దాంతో వెనక యాక్సిల్ కూడా మార్చాలి, రిమ్ములన్నీ మార్చాలి, స్పేర్ వీల్ కూడా. సలహా ఇచ్చినాయన జేబులోంచి ఒక్క రూపాయి పోదు, మీ బడ్జెట్ మాత్రం రెట్టింపు అవుతుంది.

అలాగని 1984 యాక్సిల్ తెచ్చి బిగించేస్తే పని అయిపోతుందనీ కాదు. మీ మెకానిక్ చెప్పిన నాలుగు నెలల జీతంలో ఏమేం కలిపాడో రాయించి తీసుకోండి, ఎందుకంటే ఇలాంటి పనుల్లో నోటిమాట ఎస్టిమేట్ అంటే పెద్ద వస్తువుల ధరలు మాత్రమే. ఆ యాక్సిల్ మీ వెనక యాక్సిల్ కన్నా సుమారు 3 అంగుళాలు వెడల్పు తక్కువ, దాన్ని సరిచేయడానికి చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లో, మీ పాత ఇండిపెండెంట్ హబ్బులో వాడాలి. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న యాక్సిల్ కాబట్టి నకిల్ (స్టీరింగ్‌తో చక్రం పక్కకి తిరిగే కీలు) సీళ్ళు, బేరింగులు, లోపలి బర్ఫీల్డ్ జాయింట్లు (చక్రం పక్కకి తిరిగినా దానికి శక్తి అందించేవి) విప్పి చూడకుండా బండి కిందికి ఎక్కించకూడదు. మీ పాత స్టీరింగ్ బాక్సే వాడుకోవచ్చు గానీ డ్రాగ్ లింక్ (ఆ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్ళే కడ్డీ), నకిల్ పైన బిగించే ఆర్మ్‌లు కొత్తవి కావాలి. కమాన్ పట్టీలు, వాటి హ్యాంగర్లు, షాకబ్జార్బర్లు, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు పెంచడం, పొడుగు బ్రేక్ హోసులు. క్యాస్టర్ కోణం (పక్కనుంచి చూస్తే నకిల్ ముందుకో వెనక్కో వాలిన కోణం) తేడా వస్తే వేగంగా వెళ్ళేటప్పుడు స్టీరింగ్ గడగడా ఊగుతుంది, దాన్ని సరిచేసే పని మళ్ళీ వేరే బిల్లు.

ఇక టైర్ల సంగతి. మనిషి బడ్జెట్ ఇక్కడే జారుతుంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. మీ బండికి ఇప్పుడున్న టైర్ దాదాపు 28 అంగుళాలు అనుకుందాం. 35 అంటే నాలుగో వంతు పెద్దది. స్పీడోమీటర్ 80 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 100 మీద ఉంటారు. గేరింగ్ కూడా అంతే మేర పలచబడుతుంది, అంటే లాగుడు తగ్గుతుంది. మీ క్రౌన్ పినియన్ నిష్పత్తి 4.10 (షాఫ్ట్ 4.10 సార్లు తిరిగితే చక్రం ఒకసారి) అయితే, పాత లాగుడు తిరిగి రావాలంటే 4.10ని 1.25తో గుణించాలి, 5.125 వస్తుంది, మార్కెట్లో దొరికేవాటిలో దానికి దగ్గరిది 5.29. ఒక మెట్టు తగ్గించి 4.88 పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఏది పెట్టినా ముందూ వెనకా రెండూ ఒకటే నిష్పత్తి ఉండి తీరాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన మరుక్షణం ట్రాన్స్‌ఫర్ కేస్ మీద బిగుతు పడి ఏదో ఒకటి విరుగుతుంది. అంటే రెండు సెట్ల గేర్లు, రెండు సెట్ల బేరింగులు, రెండుసార్లు సెట్టింగ్ కూలి. "టైర్లు ఇప్పుడు, గేర్లు తర్వాత" అనుకుంటే బండి ఎత్తు ఎక్కదు, క్లచ్ కాలుతుంది, బ్రేక్ తొక్కితే ఆగేది ఆలస్యమవుతుంది. కాబట్టి టైర్ సైజు నిర్ణయించడమంటే గేర్ల డబ్బు, బ్రేకుల డబ్బు కూడా అప్పుడే నిర్ణయించేయడం. 33 అంగుళాల టైర్లతో ఆగగలిగితే ఈ మొత్తం పద్దు చాలా వరకు తేలికపడుతుంది, నాకైతే మీరు అక్కడే ఆగడం ఇష్టం, కానీ బండి మీది.

ఇవన్నీ కలిపితే నాలుగు నెలల జీతం అన్నది అయిదు అనుకోండి. మొత్తం మీద 25 శాతం అదనంగా పెట్టుకోని మార్పిడి పని చాలాసార్లు మధ్యలో ఆగుతుంది. ఆగిన బండి అంటే ఏంటో చెప్తా: ముందు చక్రాలు లేకుండా దిమ్మెల మీద నిలబెట్టిన పికప్, షెడ్డువాడు స్థలం ఖాళీ చేయమంటాడు, తోలుకెళ్ళడానికి కుదరదు, అమ్మితే తుక్కు ధర.

ఇప్పుడు మీ లోన్ లెక్క. 14 శాతానికి మూడేళ్ళ కిస్తీ అంటే తీసుకున్న ప్రతి 100కీ నెలకి 3.42 చొప్పున 36 నెలలు, మొత్తం 123 కడతారు. రెండు నెలల జీతం మీద వడ్డీయే దాదాపు అర నెల జీతం. మీరు యాక్సిల్‌కి ఎంత ఇస్తున్నారో అంత! వాడని రెండో యాక్సిల్ కొని పారేసినట్టు. కిస్తీ నెల జీతంలో 7 శాతం దాకా పడుతుంది, మీ మిగులులో అది నాలుగో వంతు కన్నా ఎక్కువే. కిస్తీ కట్టగలరు, దాని గురించి నాకు టెన్షన్ లేదు. నా భయం వేరే: పని మధ్యలో బడ్జెట్ జారినప్పుడు పొదుపు అప్పటికే తగ్గిపోయి, నెలనెలా కిస్తీ నడుస్తూ ఉంటే, మీరు చేయిపెట్టేది క్రెడిట్ కార్డు మీదే. అక్కడి వడ్డీ ముందు ఈ 14 శాతం పుణ్యాత్మురాలు.

పొదుపు సంగతికొస్తే, మీ ఆరు నెలల ఖర్చు అంటే నాలుగున్నర నెలల జీతం. ఇద్దరూ సంపాదిస్తున్నారు, ఇద్దరి ఉద్యోగాలూ ఒకేసారి పోయే అవకాశం తక్కువ కాబట్టి నాలుగు నెలల ఖర్చు, అంటే మూడు నెలల జీతం, ముట్టుకోకుండా ఉంచితే చాలంటాను. ఇద్దరిదీ ఒకే కంపెనీ అయితే ఈ మాట వెనక్కి తీసుకుంటున్నా, ఆరు నెలలూ అలాగే ఉంచండి. మిగిలిన ఒకటిన్నర నెలల జీతం బండికి వాడుకోండి. అయిదులో అది పోతే మూడున్నర కావాలి. మీ మిగులులో అయిదింట నాలుగు వంతులు, అంటే జీతంలో 20 శాతం, పక్కన పెడితే 18 నెలల్లో వస్తుంది. 15 శాతమే కుదిరితే 24 నెలలు దాకా పడుతుంది, నేనైతే దీన్నే ఎంచుకోమంటా, ఎందుకంటే మిగులంతా బండికే పోస్తే ఇంట్లో వచ్చే ప్రతి చిన్న ఖర్చూ బండి మీద గొడవ అవుతుంది. ఈ డబ్బు బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లోనో అలాంటి నిలకడైన చోటో ఉండాలి. షేర్లలో వద్దు. రెండేళ్ళలో కావలసిన డబ్బుకి మార్కెట్ పడిపోతే మళ్ళీ లేవడానికి సమయం ఉండదు.

రెండేళ్ళు ఆగమంటున్నారా అని మీరు విసుక్కునేలోపే చెప్పాలి, ఖాళీగా కూర్చోమనడం లేదు. నా ప్లాన్ మొత్తం ఒక్క రోజు చుట్టూ తిరుగుతుంది, ఛాసిస్‌కి ఉన్న ఇండిపెండెంట్ బ్రాకెట్లు కోసేసే రోజు. ఆ రోజుకి ముందు మీరు కొన్న ప్రతి సామానూ మళ్ళీ అమ్ముకోవచ్చు. యాక్సిల్, కమాన్ పట్టీలు, స్టీరింగ్ ఆర్మ్‌లు, గేర్ సెట్లు, వీటన్నిటికీ కొనేవాళ్ళు దొరుకుతారు, కొంత నష్టం వస్తుందంతే. ఈలోగా బండి రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది. కోసిన మరుసటి రోజు నుంచి మాత్రం పని పూర్తిచేయడం తప్ప దారి లేదు. అందుకని యాక్సిల్ ఇప్పుడే తీసుకోండి, అర నెల జీతానికి అది మంచి బేరమే. దాన్ని మీ గ్యారేజీలోనే తీరిగ్గా విప్పి, సీళ్ళూ బేరింగులూ బ్రేకులూ మార్చి రెడీగా పెట్టుకోండి. కూలి మిగులుతుంది, లోపల ఏముందో కళ్ళారా తెలుస్తుంది. తర్వాత ఎప్పుడు డబ్బు కూడితే అప్పుడు స్టీరింగ్, కమాన్లు, షాకులు. గేర్ సెట్లు కొని ఉంచుకోండి గానీ వెనక యాక్సిల్‌కి మాత్రం ముందే ఎక్కించకండి, ముందూ వెనకా తేడా వచ్చి అప్పటిదాకా ఫోర్ వీల్ వాడలేరు. టైర్లు అన్నిటికన్నా చివర. రబ్బరు ఊరికే పడి ఉన్నా పాతబడుతుంది, ఏళ్ళ తరబడి వాడకుండా పెట్టుకుంటే కొత్త ధర ఇచ్చి పాత టైరు వాడినట్టే. వెల్డింగ్ డబ్బు, అదనపు 25 శాతం రెండూ ఖాతాలో కనిపించాకే కోసే తేదీ పెట్టుకోండి.

వెల్డింగ్ కూలి దగ్గర బేరమాడకండి. మిగతా ఎక్కడైనా ఆడండి. బండి బరువంతా మోసేది, స్టీరింగ్‌ని పట్టుకునేది ఆ అతుకులే, ఛాసిస్ మీద ఎలా అతకాలో, ఎక్కడ పట్టీ వేసి బలం చేయాలో తెలిసినవాడు ఎక్కువ అడుగుతాడు, అడగాలి కూడా.

బండి షెడ్డులో ఉండే వారాల్లో ఆఫీసుకి దేంట్లో వెళ్తారు? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. ఇదే రోజువారీ బండి అయితే ప్రత్యామ్నాయ ప్రయాణం ఖర్చు కూడా బడ్జెట్‌లో ఒక వరుస. రెండు వారాలన్న పని రెండు నెలలు పట్టడం ఈ వ్యవహారంలో మామూలే.

బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా సస్పెన్షన్ మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ళకో కారణం చేతికిచ్చినట్టే, అప్పుడు అవతలివాళ్ళ ఆస్పత్రి బిల్లు మీ ఇంటిమీదికి రావచ్చు. బండి ఎత్తు మీద, ఛాసిస్ మార్పుల మీద నిబంధనలు చోటుని బట్టి మారతాయి, అమెరికాలోనే బంపర్ ఎత్తు పరిమితి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. మీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏం ఒప్పుకుంటారో యాక్సిల్ అడ్వాన్స్‌కి ముందే కనుక్కోవాలి.

ఇంకో దారి కూడా చూడండి, నచ్చకపోతే వదిలేయండి. ఎవరో ఇప్పటికే మార్పిడి చేయించి అమ్మేస్తున్న బండి. ఇలాంటి పనికి పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు, మీకూ రాదు, కాబట్టి దీన్ని పెట్టుబడి అని ఇంట్లో చెప్పకండి, సరదా ఖర్చు అనే చెప్పండి. అదే కారణంగా అమ్మేవాడి నష్టం మీకు లాభం కావచ్చు. కొనేముందు వెల్డింగ్ తెలిసిన మనిషికి డబ్బిచ్చి కిందంతా చూపించుకోవాలి, లేకపోతే ఆయన తలనొప్పిని మీరు కొనుక్కున్నట్టు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్క పని ఉంది, దీనికి ఖర్చు లేదు. ఒక వైర్ బ్రష్, చిన్న సుత్తి తీసుకుని మీ బండి కిందికి దూరి, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటా, ముందు కమాన్ హ్యాంగర్లు రాబోయే చోటా ఛాసిస్‌ని గీకి, తట్టి చూడండి. 1990 బండి, మంచుకి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిందో లేదో మీకు తెలియదు. గట్టిగా ఖంగుమంటే పైన రాసిన లెక్కంతా అలాగే నడుస్తుంది. తుప్పు పొరలు రాలుతూ డొల్ల శబ్దం వస్తే, బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్ళు కనిపిస్తే, యాక్సిల్ ఆయనకి ఫోన్ చేయకండి, ఫోటోలు తీసి నాకు మళ్ళీ రాయండి, వేరే బండి మీద లెక్క మొదలుపెడదాం.