పైరసీపై పోరాడే ఉద్యోగానికి కోడింగ్ ఒక్కటే చాలదు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. సినిమాల పైరసీని అరికట్టే రంగంలో స్థిరపడతానంటున్నాడు. ఆ సైట్లు విదేశాల్లో ఉంటే ఇక్కడినుంచి చేయగలిగేదేముంటుంది? – ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: మీ సందేహం సబబైనదేనండీ. పైరసీ ఆరోపణలున్న ఫైళ్లు పంచుకునే సైట్ మెగాఅప్‌లోడ్‌ను అమెరికా 2012 జనవరిలో మూయించింది గానీ, న్యూజిలాండ్‌లో అరెస్టయిన దాని స్థాపకుణ్ణి అప్పగించే వ్యవహారం పదేళ్లు దాటినా తెగలేదు.

దొంగ కాపీ ఎక్కడ పుట్టిందో కనిపెట్టడం సాధ్యమే. డిజిటల్ థియేటర్‌లో బొమ్మ పడుతున్నప్పుడే కంటికి కనబడని వాటర్‌మార్క్ (థియేటర్, సమయం తెలిపే గుర్తు) అందులో చేరుతుంది కాబట్టి, ఫోన్‌తో తీసిన కాపీని విశ్లేషిస్తే ఏ థియేటర్‌లో, ఏ రోజు, ఏ పదిహేను నిమిషాల వ్యవధిలో తీశారో తెలుసుకునే వీలుంది. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. డొమైన్ (సైట్ పేరు) ఒక దేశంలో, సర్వర్ మరో దేశంలో, ప్రకటనల డబ్బు ఇంకో దేశంలో ఉంటాయి. కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం వల్ల మన సినిమాకు ఆ దేశాల్లోనూ రక్షణ ఉన్నా, కేసు మాత్రం అక్కడి చట్టం ప్రకారం అక్కడే నడపాలి. మన పోలీసులకు సమాచారం కావాలంటే కేంద్ర హోం శాఖ ద్వారా అభ్యర్థన వెళ్లాలి. సైబర్ నేరాలపై 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందుకే నిర్మాతలు ఇక్కడి కోర్టులనే ఆశ్రయిస్తున్నారు. ఒక సైట్‌ను ఆపితే వేరే పేరుతో పుట్టుకొచ్చే నకళ్లను కొత్త దావా వేయకుండానే ఉత్తర్వులోకి చేర్చే మార్గాన్ని ఢిల్లీ హైకోర్టు 2019లో చూపింది.

ఆ నకళ్లను వెతికి, కోర్టు నమ్మే సాక్ష్యంగా మార్చేవారే ఈ రంగానికి కావాలి. భారతీయ సాక్ష్య అధినియం (కోర్టు సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్రలాంటి కోడ్) కూడా రాయాలి. కోడింగ్‌లో మంచి నేర్పున్న పిల్లలు కూడా తడబడేది, నా అనుభవంలో, ఈ రాతపని దగ్గరే. ఇంకొక మాట గట్టిగా చెప్పండి: మంచి ఉద్దేశంతోనైనా పైరసీ సర్వర్‌లోకి అనుమతి లేకుండా చొరబడకూడదు, ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టవలసి రావచ్చు.

బీటెక్ తర్వాత గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో డిజిటల్ ఫోరెన్సిక్స్ పీజీ, లేదా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయవచ్చు. నిర్ణయించే ముందు ఏదైనా ఒక వెబ్‌పేజీ తీసుకుని, చిరునామా, చూసిన తేదీ, సమయం, డొమైన్ నమోదు వివరాలు, సేవ్ చేసిన ఫైలు హాష్ విలువతో రెండు పేజీల నివేదిక రాయమనండి. ఆ రాత అతనికి నచ్చితే ఎల్‌ఎల్‌బీ వైపు, ఫైళ్లను తరచి చూడడమే నచ్చితే ఫోరెన్సిక్స్ వైపు పంపండి.