ఇత్తడి గొళ్లేల మీది పాత రంగు: గీకకండి, ఉడికించండి

పాత తలుపుల ఇత్తడి గొళ్లేలు, హ్యాండిళ్ల మీద నాలుగైదు పొరల రంగు పేరుకుపోయింది, థిన్నర్‌తో రుద్దితే జిగురవుతోందే గానీ ఊడట్లేదు, చాకుతో గీకెయ్యమంటారా అని అడిగారు. వద్దండి. నేను ఆ పని చేసి ఒక హ్యాండిల్ మీద శాశ్వతంగా గీతలు మిగుల్చుకున్నాను. ఇత్తడి మెత్తటి లోహం, చాకు మొన ఇట్టే దిగిపోతుంది.

ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము. పూత పల్చగా ఉంటుంది, గట్టిగా రుద్దితే రంగుతో పాటే పోతుంది. అంటుకోకపోతే ఇత్తడి అయ్యుండే అవకాశం ఎక్కువ. కనపడని మూల కొంచెం గీరితే లోపల కూడా పసుపే ఉండాలి.

నాకు పనిచేసింది వేడినీళ్లు. మళ్లీ వంటకు వాడని పాత స్టీలు గిన్నెలో సామాన్లు మునిగేలా నీళ్లు పోసి, లీటరుకు రెండు చెంచాల వంటసోడా వేసి, సన్నటి సెగ మీద అరగంట ఉంచాను. అల్యూమినియం గిన్నె వద్దు, సోడాకు నల్లబడుతుంది. వేడికి లోహం ఒకలా, రంగు ఒకలా వ్యాకోచిస్తాయి కాబట్టి మధ్యలో పట్టు సడలుతుంది. మొదటి పది నిమిషాలు ఏమీ జరగలేదు, ఇదీ దండగే అనుకున్నాను. తర్వాత చూస్తే ఒక గొళ్లెం మీది రంగు అంచు పైకి లేచి ఉంది. పట్టకారుతో తీసి, గ్లవ్స్ వేసుకుని, వేడి తగ్గకముందే చెక్కపుల్లతో తోస్తే అన్ని పొరలూ కలిసి తొక్కలా వచ్చేశాయి. చల్లారితే మళ్లీ బిగుసుకుంటుంది, అందుకని ఒక్కొక్కటే బయటికి తీయండి. నగిషీ సందుల్లో మిగిలినదానికి పాత టూత్‌బ్రష్షు, టూత్‌పిక్కు చాలు. ఇనుప పీచు జోలికి పోకండి.

రెండుసార్లు ఉడికించినా కదలని చోట పెయింట్ రిమూవర్ రాసి ప్లాస్టిక్ కవర్ చుట్టి ఉంచాను. అది ఆరుబయటే చేయాలి, వాసన మామూలుగా ఉండదు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రకం మాత్రం కొనకండి, మూసిన గదుల్లో దాని ఆవిరి పీల్చి ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

అసలు టెన్షన్ పడాల్సింది సీసం (లెడ్) అనే విషపు లోహం గురించి. పాతకాలపు రంగుల్లో అది మామూలు. అందుకే పొడిగా సాండ్‌పేపర్ పట్టకూడదు, మంటతో అసలే కాల్చకూడదు. నీళ్లు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, మంట ఆగదు, సీసం పొగై లేస్తుంది. పెచ్చుల్ని తడిగా ఉన్నప్పుడే కవర్లో కట్టేయండి. ఆ నీళ్లు మొక్కలకు పోయకండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

రంగు పోయాక ఇత్తడి నల్లగా, మచ్చలతో కనిపిస్తుంది, కంగారు పడకండి. నిమ్మరసం, ఉప్పు కలిపి రెండు నిమిషాలు రుద్ది కడిగేస్తే ఆ నలుపు పోతుంది. ఇక్కడే నేను తొందరపడ్డాను. ఇంకా మెరవాలని ఒక హ్యాండిల్‌ను రాత్రంతా వెనిగర్‌లో వదిలేశాను. తెల్లారేసరికి గులాబీ రంగు! ఇత్తడంటే రాగి, జింకు కలిసినది. పులుపులో నానబెడితే పైపైన జింకు కరిగిపోయి రాగి బయటపడుతుందట. పాలిష్‌తో చాలాసేపు రుద్దాక కొంత తగ్గింది గానీ, పక్కన జత హ్యాండిల్ పెడితే తేడా ఇప్పటికీ తెలుస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్లలో నానబెట్టడం కూడా మంచిది కాదు, వంచడం, బిగించడం వల్ల లోపల ఒత్తిడి ఉన్న ఇత్తడికి పగుళ్లొస్తాయి.

కడిగాక పూర్తిగా తుడిచి ఆరబెట్టి, పల్చగా మైనం పూయండి, చిలుము త్వరగా పట్టదు. స్క్రూలు పారేయకండి, వాటినీ ఉడికించే గిన్నెలోనే వేసెయ్యండి. పాత స్క్రూల కొలతలు ఇప్పటివాటితో చాలాసార్లు కలవవు, ఒక్కటి పోయినందుకు నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.